వారానికి రెండు పేజీలు: మనల్ని మనం తిట్టుకోకుండా ప్లాన్ చేసుకునే పద్ధతి

రోజుకో టైంటేబుల్ గీసుకుని దాని ప్రకారం నడవడం మన ఇళ్లలో సాగే పని కాదు. పొద్దున్న ఆరింటికి నడక అని రాసుకుంటాం, సరిగ్గా అప్పుడే కుళాయి వస్తుంది. సాయంత్రం గంటసేపు చదువు అనుకుంటాం, పార్వతీపురం నుంచి పెద్దమ్మ వాళ్లు చెప్పాపెట్టకుండా దిగుతారు. రోజు లెక్కన ప్లాన్ వేసుకున్నవాళ్లకి ఒక్క పూట తప్పితే ఆ రోజంతా పోయినట్టే. రాత్రి పడుకునేటప్పుడు మనమీద మనకే కోపం. నాలుగు రోజులు వరసగా అలా జరిగితే పుస్తకం బీరువా మీదకి ఎక్కుతుంది, మళ్లీ దిగదు.

వారం లెక్కన చూసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. మంగళవారం తప్పిన పని శుక్రవారం సర్దుకుంటుంది. పైగా వారం మనకి అలవాటైన కొలతే. సంత వారానికోసారి. శ్రావణంలో శుక్రవారాలు, కార్తీకంలో సోమవారాలు, అరసవల్లి దేవుడికి ఆదివారాలు. మన పెద్దవాళ్లు వాయిదాలు కట్టినా, కూలి లెక్క చూసినా వారం చొప్పునే. ఆ కొలతలోనే మన పనుల్నీ మనసునీ కూడా చూసుకోవడానికి ఒక నోటుబుక్కు, వారానికి నలభై నిమిషాలు, మధ్యలో ఇంకో ఐదు నిమిషాలు ఉంటే చాలు.

ఈ పద్ధతి మొత్తానికీ నేను పట్టుకుని కూర్చునే నియమం ఒక్కటే: ముందు వెనక్కి చూడాలి, తర్వాతే ముందుకి రాయాలి. గడిచిన వారం ఎలా గడిచిందో చూడకుండా వచ్చే వారానికి రాసుకునే ప్లాన్ కోరికల చిట్టాగానే మిగిలిపోతుంది. వెనక్కి చూసేటప్పుడు మనల్ని మనం నిలదీసుకోకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు కాబట్టి ఆ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఏ రోజు, ఏ వేళ

ప్లానింగ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఆదివారం సాయంత్రం అంటారు. ఉద్యోగస్తులకి అది బాగానే ఉంటుంది. ఇల్లు నడిపే ఆడవాళ్లకి మాత్రం ఆదివారమంత బరువైన రోజు ఇంకోటి లేదు. పిల్లలు ఇంట్లో, మగవాళ్లు ఇంట్లో, కోడికూర, వారం బట్టలు, వచ్చేపోయే చుట్టాలు. అలాంటివాళ్లు సోమవారం పదకొండు గంటల వేళ ఎంచుకోండి. బడికెళ్లేవాళ్లు బడికి, ఆఫీసుకెళ్లేవాళ్లు ఆఫీసుకి వెళ్లాక గిన్నెలు తోమడం కాస్త వాయిదా వేసైనా సరే ఆ నలభై నిమిషాలు తీసుకోండి.

విజయనగరం నుంచి విశాఖ రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లకి శనివారం తిరుగు రైలు మంచి సమయం, సీటు దొరికితే. దుకాణం ఉన్నవాళ్లకి దుకాణం మూసే రోజు. వ్యవసాయం ఉన్న ఇంట్లో సంత మర్నాడు. చేతిలో డబ్బెంతో, ఇంట్లో సరుకెంతో అప్పటికి తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ప్లాన్ కూడా నేలమీద నిలబడుతుంది.

వేళ సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. ఆ సమయంలో మిమ్మల్ని ఎవరైనా రెండుసార్లకి మించి పిలుస్తున్నారంటే అది మీ వేళ కాదు, మార్చేయండి. వీధరుగైనా, డాబా అయినా, వంటింటి గుమ్మమైనా ఫర్వాలేదు, ఎక్కడ కూర్చున్నా రోజూ నిద్రపోయే మంచం మీద మాత్రం వద్దు. అక్కడ కూర్చుంటే రాత నడవదు, కునుకు వస్తుంది.

పుస్తకం

తేదీలు అచ్చేసిన డైరీ కొనకండి. జనవరిలో నాలుగు పేజీలు నిండి, ఫిబ్రవరి అంతా తెల్లగా కనిపిస్తుంటే ఆ ఖాళీ పేజీలే మనల్ని తప్పుపట్టినట్టు ఉంటాయి. మామూలు 200 పేజీల రూళ్ల పుస్తకం చాలు. పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనిపించే రెండు పేజీలు ఒక వారానికి. ఎడమ పేజీ గడిచిన వారానిది, కుడి పేజీ రాబోయే వారానిది. అలా వాడితే ఒక్క పుస్తకం దాదాపు రెండేళ్లు వస్తుంది. వారం తప్పిపోతే ఆ పేజీలు ఖాళీగా వదలక్కర్లేదు, తర్వాత పేజీలోనే కొత్త వారం తేదీ వేసి మొదలుపెట్టండి. ఉగాది కోసమో జనవరి ఒకటి కోసమో ఆగే పనీ లేదు, వచ్చే వారమే మొదలు.

స్టిక్కర్లు, రంగు పెన్నులు ఇష్టమైతే వాడుకోండి. నాకు మాత్రం వాటివల్ల ఒక చిక్కు కనిపిస్తుంది. పేజీ అందంగా ఉండాలనుకున్న కొద్దీ నిజం రాయడం తగ్గుతుంది. కొట్టివేతలున్న పేజీలో ఉన్న ధైర్యం ముగ్గులా తీర్చిన పేజీలో రాదు.

మాట్లాడినట్టే రాయండి

డైరీ అనగానే చాలామందికి చేయి ఆగిపోయేది ఇక్కడే. 'మనకి అంత భాష ఎక్కడిది' అంటారు. విజయనగరంలో డైరీ అంటే గురజాడ అప్పారావు గారే గుర్తొస్తారు మరి. ఆయన డైరీలు తర్వాత అచ్చయి లోకమంతా చదివింది. మీది ఎవరూ చదవరు, చదవకూడదు కూడా. ఇంకో సంగతి ఏమిటంటే, వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ గారు తన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నారు. తన కోసం రాసుకునేది కాబట్టి ఏ భాషలో చేయి నడిస్తే ఆ భాషలో రాసుకున్నారు అనుకుంటాను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జీవితమంతా చెప్పింది కూడా మాట్లాడే భాషలోనే రాయమని. ఆయన పుట్టినరోజే మనకి తెలుగు భాషా దినోత్సవం.

కాబట్టి 'నేడు నా మనస్సు కలత చెందినది' అని రాయక్కర్లేదు. 'ఈరోజు బుర్ర బాలేదు' చాలు. నోట్లో 'సేసాను' అని వస్తే 'సేసాను' అనే రాయండి. సగం ఇంగ్లీషు, తప్పుల తెలుగు, అర్ధాంతరంగా ఆగిపోయిన వాక్యాలు, అన్నీ చెల్లుతాయి.

మొదటి పది నిమిషాలు: తల ఖాళీ చేయడం

ఎడమ పేజీ పైభాగంలో, లేదా విడి కాగితం మీద, బుర్రలో తిరుగుతున్నవన్నీ ఒక వరసంటూ లేకుండా రాసేయండి. గ్యాస్ బుక్ చేయాలి. అమ్మకి కళ్లు చూపించాలి. చీటీ డబ్బు పదో తారీఖు. సచివాలయంలో ఆదాయం సర్టిఫికెట్. మేనకోడలి పెళ్లికి చదివింపులు ఎంత? బాబు లెక్కల్లో వెనకబడ్డాడు. ఆ రోజు ఆమె అలా ఎందుకంది. మోకాలు. కరెంటు బిల్లు.

పనులూ దిగుళ్లూ కలిసే వస్తాయి, విడదీయకండి. పూర్తికాని పని పూర్తయినదాని కంటే ఎక్కువగా గుర్తుంటుందని 1927లోనే బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు గ్యాస్ బుకింగ్ గుర్తుకు రావడం అందుకే. 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చేసిన పరిశోధనలు ఇంకో మెట్టు ఎక్కాయి. ఆ పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో ఒక స్పష్టమైన ప్లాన్ రాసుకుంటే చాలు, బుర్ర దాన్ని పదేపదే గుర్తుచేయడం తగ్గిస్తుందని వాటిలో తేలింది. ఈ పది నిమిషాల తర్వాత కలిగే తేలికదనం ఒట్టి భ్రమేమీ కాదన్నమాట. ఇక్కడ రాసినవన్నీ చేయాలని లేదు. బయట పెట్టడం వరకే ఈ పది నిమిషాల పని.

నిద్ర పట్టనివాళ్లు ఇదే పనిని చిన్నగా పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చేసుకోవచ్చు. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం ఇది పరీక్షించింది. మర్నాటి పనుల చిట్టా రాసుకుని పడుకున్నవాళ్లు, అప్పటికే చేసేసిన పనుల చిట్టా రాసినవాళ్ల కంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

తర్వాతి పదిహేను నిమిషాలు: వెనక్కి చూడడం

'పోయిన వారం ఏం జరిగింది' అని అడిగితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది నిన్న జరిగిన గొడవే. అందుకని జ్ఞాపకాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఫోన్ తీసి మూడు చోట్ల చూడండి: ఫోటోల గ్యాలరీ, కాల్ లిస్టు, ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో చెల్లింపుల చరిత్ర. బుధవారం మందుల షాపులో 340 రూపాయలు కట్టినట్టు కనిపించగానే ఆ సాయంత్రమంతా కళ్ల ముందుకొస్తుంది. పుణెలో పనిచేస్తున్న తమ్ముడితో ఇరవై నిమిషాలు మాట్లాడామని కాల్ లిస్టు చెబుతుంది. ఆ వారంలో అదొక మంచి సంగతి, మనం మర్చేపోయాం. మూడూ చూశాక ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

ఇప్పుడు రోజుకో వాక్యం చొప్పున ఎడమ పేజీలో రాయండి. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. తీర్పు రాయకూడదు, జరిగింది రాయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. బొబ్బిలి వైపు ఒక అమ్మాయి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటూ డీఎస్సీకి చదువుతోందనుకోండి. మామూలుగా అయితే ఇలా రాస్తుంది:

'ఈ వారం మొత్తం వేస్ట్. నాకు పట్టుదల లేదు. అందరూ ముందుకెళ్లిపోతున్నారు.'

జరిగింది రాస్తే అదే వారం ఇలా ఉంటుంది:

'సోమ – సైకాలజీ ఒక చాప్టర్ అయింది.
మంగళ – చెల్లికి జ్వరం. ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఓపీ లైన్లోనే.
బుధ – ట్యూషన్ పిల్లలు పదిమంది. గొంతు పోయింది.
లక్ష్మివారం – రాత్రి పది దాటాక పుస్తకం తీశాను. రెండు పేజీలకే నిద్ర.
శుక్ర – అదే. పది దాటాక తీశాను, నిద్రపోయాను.
శని – తెల్లారి ఐదు నుంచి ఏడు దాకా కదలకుండా చదివాను. నాకే ఆశ్చర్యం.
ఆది – మామయ్య వాళ్లొచ్చారు. చదవలేదు. బాగా నవ్వుకున్నాం.'

మొదటి దాంట్లోంచి నేర్చుకోవడానికి ఏమీ లేదు, ఏడవడానికి తప్ప. రెండో దాంట్లో వచ్చే వారం ప్లాన్ సగం తయారుగా ఉంది. రాత్రి పది తర్వాత చదువు సాగదు, తెల్లారగట్ల సాగుతుంది. పట్టుదల లేదన్న మాట కూడా నిజం కాదని తెలుస్తుంది, ఎందుకంటే వారంలో చదువుకి కూర్చోని రోజులు మూడే. ఆ మూడింటిలో ఒకటి జ్వరానిది, ఒకటి పదిమంది పిల్లలది, మూడోది మామయ్యది.

అలవాటు లేని చేతికి తీర్పులే ముందు వస్తాయి. వచ్చాక కొట్టేయకండి. దాని కిందే 'అంటే ఏం జరిగింది?' అని ప్రశ్న రాసి జవాబు రాయండి. 'బద్ధకించాను' – అంటే ఏం జరిగింది? 'మధ్యాహ్నం మూడింటికి తల నొప్పి, టీవీ ముందు కూర్చున్నాను.' మళ్లీ చూస్తే, ఎండలో బ్యాంకు నుంచి నడిచొచ్చిన రోజు అది. ఇంత కిందికి దిగితే గాని అసలు సంగతి బయటపడదు.

రోజులు రాయడం అయ్యాక నాలుగు ప్రశ్నలు. అన్నిటికీ జవాబు రాయాలని లేదు, ఆ వారం ఏది గుచ్చుకుంటే దానికే.

ఈ వారం హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించిన వేళ ఏది?
నన్ను బాగా పిండేసింది ఏది?
ఎవరితో మాట్లాడాలనుకుని మాట్లాడలేదు?
నేను చేయకపోయినా ఏమీ కానిది ఏది?

నాలుగో ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టం. వారమంతా బెంగపెట్టుకున్న ఏదో ఒక పని, చేయకపోయినా ఆకాశం విరిగిపడలేదని అప్పుడే తెలుస్తుంది. వచ్చే వారం చిట్టాలోంచి ఒక బరువు దిగిపోతుంది. మూడోది మన ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లు వదలకూడని ప్రశ్న. హైదరాబాదులోనో చెన్నైలోనో పనికెళ్లిన మనిషి లేని వీధి మనకి అరుదు. వారానికో ఫోన్ అనుకుంటూనే నెలలు గడుస్తాయి.

మనసు మరీ బరువుగా ఉన్న వారం 'నేను' అని రాయడం మానేసి, మీ పేరుతోనో 'నువ్వు' అనో రాసి చూడండి. 'ఆ రోజు నువ్వు చాలా అలిసిపోయి ఉన్నావమ్మా, అందుకే పిల్లాడి మీద అరిచావు' అని చెల్లెలికి చెప్పినట్టు. తన గురించి తాను పేరు పెట్టి ఆలోచించుకున్నవాళ్లలో ఆందోళన తగ్గుతుందని ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో ప్రచురించారు. మన పెద్దవాళ్లు తమలో తాము 'ఒరే అబ్బీ, తొందరపడకు' అనుకోవడం మనం వింటూనే ఉంటాం.

ఎడమ పేజీ చివర, మేలు జరిగిన సంగతులు ఒకటి నుంచి ఐదు దాకా. 2003లో ఎమ్మన్స్, మెకల్లో చేసిన పరిశోధనలో ఒక గుంపు పది వారాల పాటు వారానికోసారి ఇలాగే ఐదు సంగతుల దాకా రాసింది. చిరాకులు రాసిన గుంపు కంటే వాళ్లు తమ జీవితం గురించీ, రాబోయే వారం గురించీ మెరుగ్గా అనుకున్నారు. 'దేవుడి దయ వల్ల అందరం బాగున్నాం' లాంటి పెద్ద మాట రాయకండి. 'పక్కింటి అప్ప తాటిముంజలు ఇచ్చింది' అని రాయండి. చిన్నదైతేనే రాసేటప్పుడు మళ్లీ రుచి తెలుస్తుంది.

మిగిలిన పదిహేను నిమిషాలు: కుడి పేజీ

ముందు కదలనివి రాయండి: డ్యూటీలు, పిల్లల పరీక్షలు, పొదుపు సంఘం మీటింగు, ఉపవాసాలు, పెళ్లిళ్లు, వాయిదా కట్టే రోజు. ఇవి రాశాక వారంలో నిజంగా ఎంత చోటు మిగిలిందో కనిపిస్తుంది. పెళ్లిళ్ల వారంలో ఏమీ మిగలదు. అది కూడా ముందే తెలియడం మేలే.

తర్వాత, తల ఖాళీ చేసినప్పుడు రాసిన చిట్టాలోంచి మూడు పనులు. మూడే. నాలుగోది రాయాలని చేయి లాగుతుంది. ఆ నాలుగోదాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసి వదిలేయండి, వీలైతే అవుతుంది. మూడింటితో పాటు మీ కోసం ఒకటి. ఇది ఎవరికీ ఉపయోగపడనక్కర్లేదు. పెద్దచెరువు గట్టు మీద నడక, నాగావళి ఒడ్డున కాసేపు, పాత స్నేహితురాలికి ఫోన్, మధ్యాహ్నం అరగంట నిద్ర, ఏదైనా.

ఆ మూడు పనుల్లో ప్రతిదానికీ ఎప్పుడు, ఎక్కడ అన్నది వాక్యంలో ఉండాలి. 'అమ్మకి కళ్లు చూపించాలి' అన్నది దిగులు. 'బుధవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి అమ్మని ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తాను. ముందురోజు రాత్రి పాత చీటీలు సంచిలో పెడతాను' అన్నది పని. ఇలా ఫలానా వేళ, ఫలానా చోట అని ముందే ముడిపెట్టుకున్న పనులు జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాశారు. ఆ తర్వాత ఎంతోమంది దాన్ని పరీక్షించి చూశారు.

ఎంతసేపు పడుతుందో అంచనా వేసేటప్పుడు మీ అంచనాకి సగం కలపండి. మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని ఎప్పుడూ తక్కువే అనుకుంటారని 1979లోనే కానెమన్, ట్వెర్‌స్కీ గుర్తించారు, దానికో పేరు కూడా పెట్టారు. ఒక సర్టిఫికెట్ కోసం సచివాలయానికి వెళ్లొచ్చిన ఎవరికైనా ఇది పేరు లేకుండానే తెలుసు. సర్వర్ డౌన్ అంటారు, సారు ఫీల్డుకెళ్లారు అంటారు. అరగంట పని పూటంతా మింగేస్తుంది. అలాంటి పని రాసిన పూటకి ఇంకో పని రాయకండి.

ఇంత రాశాక కుడి పేజీలో సగం ఖాళీగా ఉండాలి. చాలామందికి ఇది మింగుడుపడదు. కానీ సంతకి వెళ్లేటప్పుడు సంచి ఇంటి దగ్గరే నింపుకుని వెళ్లం కదా. వారంలో ఎదురుపడేవాటికి కూడా చోటుండాలి: చుట్టాలు, జ్వరాలు, చావులు, ఉన్నట్టుండి వచ్చే మంచి కబురు కూడా. ఆ ఖాళీ ఉన్నవాళ్లకే పెద్దమ్మ గుమ్మంలో దిగినప్పుడు మొహం మాడకుండా 'రా పెద్దమ్మా' అనే ఓపిక ఉంటుంది.

బొబ్బిలి అమ్మాయి కుడి పేజీ ఇలా ఉండొచ్చు:

'కదలనివి – ట్యూషన్ రోజూ సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర. శుక్రవారం సంఘం మీటింగు, అమ్మ బదులు నేను వెళ్లాలి.
1. మంగళ, బుధ, శని తెల్లారి ఐదు నుంచి ఆరున్నర, వెనకగదిలో సైకాలజీ. ఫోన్ అమ్మ దగ్గర.
2. లక్ష్మివారం పదింటికి చెల్లి రక్తపరీక్ష రిపోర్టు తేవాలి. ఆ పూట ఇంకేం లేదు.
3. ఆదివారం మధ్యాహ్నం ఒక పాత పేపరు. మార్కులు వేసుకోను, టైం మాత్రం చూసుకుంటాను.
నాకు – బుధవారం ట్యూషన్ అయ్యాక జడగంటలు కుట్టడం.
రాత్రి పది తర్వాత పుస్తకం తీయను.'

చివరి వాక్యం చూడండి. చేయకూడనిది రాసుకోవడం కూడా ప్లానే.

వారం మధ్యలో

లక్ష్మివారం టీ తాగేటప్పుడు ఐదు నిమిషాలు కుడి పేజీ చూడండి. అయినదానికి టిక్కు. కానిదానికి పక్కన బాణం గీసి కొత్త రోజు. కొత్త పనులు కలపకండి. అంతకుమించి ఆ రోజు చేయాల్సింది లేదు.

పదేపదే వాయిదా పడే పనులు

ఒకే పని మూడు వారాలు వరసగా కుడి పేజీలో కనిపిస్తుంటే నాలుగో వారం అలాగే దించకండి. దాన్ని ఆపి అడగాలి. ఇది మరీ పెద్దదా? 'బీరువా సర్దాలి' అన్నది ఒక పని కాదు, నాలుగు అరల పని. ఈ వారం పై అర మాత్రం రాయండి. ఇది నిజంగా నా పనేనా? ఆడపడుచు చేయాల్సిన ఫోన్ మీ చిట్టాలో ఉంటే ఆమెకే చెప్పండి. దీనికి భయపడుతున్నానా? పంటిడాక్టరు దగ్గరికి వెళ్లడం చాలామంది చిట్టాల్లో నెలలు నెలలు ఉంటుంది. అప్పుడు తోడెవరిని తీసుకెళ్లాలో రాయడమే అసలు పని. ఈ మూడూ కాకపోతే, ఈ పని చేయాలని మీకు లేదన్నమాట. గీత పెట్టి కొట్టేయండి. కొట్టేసిన పనికి సంజాయిషీ అక్కర్లేదు.

పండగల వారం, పంటల వారం, తుపాను వారం

అన్ని వారాలూ ఒక్కలా ఉండవు కాబట్టి ప్లాన్ కూడా ఒక్కలా ఉండకూడదు. విజయదశమి తర్వాత వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర. ఆ వారం విజయనగరంలో ఇల్లున్నవాళ్లెవరూ మూడు పనులు రాయకండి, 'చుట్టాలు' అని ఒక్క మాట రాసి పుస్తకం మూసేయండి. రథసప్తమికి అరసవల్లి చుట్టుపక్కల ఇళ్లదీ అదే వరస. ఉడుపులప్పుడూ కోతలప్పుడూ పొలం ఉన్నవాళ్లకి ఎడమ పేజీ నాలుగు వాక్యాలు దాటదు, దాటనక్కర్లేదు.

ఇక అక్టోబరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక ఉన్న వారం కుడి పేజీ అంతా అవసరాల చిట్టాయే: తాగునీరు, కొవ్వొత్తులు, మందులు, ఫోన్లకి ఛార్జింగు, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో, పశువులు. అది దాటాక రెండు మూడు వారాలు ప్లానే వద్దు. ఎడమ పేజీ మాత్రం, చేయి ఆడితే, రాయండి. ఎవరు సాయం చేశారు, ఎక్కడ నష్టం, ఎవరికి ఎంత ఇవ్వాలి. తర్వాత నష్టపరిహారం లెక్కలప్పుడు కూడా అది పనికొస్తుంది.

ఇంట్లోవాళ్లు చదివేస్తే?

ఉమ్మడి ఇంట్లో సొంత సొరుగు అన్నది చాలామందికి లేదు. ఎవరైనా చదువుతారేమో అన్న అనుమానం ఉన్నచోట నిజం రాయలేం. దీనికి నాకు తెలిసిన మంచి దారి రాతను రెండుగా విడదీయడం. పుస్తకంలో ఎవరు చూసినా ఫర్వాలేని రోజువారీ వాక్యాలు, పనులు. మనసులో ఉన్న గట్టి సంగతులు విడి కాగితం మీద. రాసి, ఒకసారి చదువుకుని, చించేయండి. రాసిందాన్ని దాచుకుంటేనే మేలని లేదు. మనుషుల బదులు గుర్తులు వాడుకోవడం ఇంకో దారి, అత్తగారికి చుక్క, ఆఫీసరుకి గీత. ఫోన్‌లో లాక్ ఉన్న నోట్స్ యాప్ కూడా పనికొస్తుంది, కాకపోతే ఫోన్ తెరవగానే వాట్సాప్ పిలుస్తుంది.

పిల్లల పుస్తకం మీరు చదవకండి. ఒక్కసారి చదివారని తెలిసిందంటే ఆ పిల్ల ఇంకెప్పుడూ నిజం రాయదు.

బరువైన సంగతులు

పాత దెబ్బల గురించి రాయాలనిపిస్తే దానికి వేరే పద్ధతి ఉంది. 1986లో జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాశారు. జరిగిందీ, అప్పుడు కలిగిన బాధా రెండూ రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకాస్త దిగులుగా ఉన్నారు. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. కాబట్టి రాసిన వెంటనే ఏడుపొస్తే కంగారుపడకండి. కానీ గాయం మరీ పచ్చిగా ఉన్నప్పుడు, ఇంట్లో చావు జరిగిన రోజుల్లో, ఇది చేయకండి. రాస్తుంటే తట్టుకోలేనట్టు అనిపిస్తే ఆపేయండి, వంటో కూరగాయలో చేతిపని ఏదైనా పట్టుకోండి.

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఎడమ పేజీలో వరసగా కనిపిస్తుంటే ఇక పుస్తకంతో సరిపెట్టుకోకండి, డాక్టరుకి చూపించుకోండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఇంట్లో నమ్మకమైన మనిషికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రాయడం అలవాటు లేనివాళ్లు

మా వీధి చివర ఒకావిడ గోడ క్యాలెండర్ మీద పాలు రాని రోజు సున్నా చుడుతుంది, ఎక్కువ పోయించుకున్న రోజు గీత పెడుతుంది. ఆ లెక్కలో ఎప్పుడూ తేడా రాదు. 'నాకేటి రాతొచ్చమ్మా' అంటుంది ఆవిడే. అదే క్యాలెండర్ మీద ఒళ్లు బాగున్న రోజుకి ఒక చుక్క, బాగోలేని రోజుకి రెండు చుక్కలు పెడితే నెలాఖరుకి ఆవిడకి కావలసిన ఎడమ పేజీ తయారు. చదువు రాని పెద్దవాళ్లకి మనవలు రాసిపెట్టొచ్చు, రాసింది చదివి వినిపించాలి, సరిదిద్దకూడదు. ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకునేవాళ్లు వారానికి ఐదు నిమిషాలు దాటనివ్వకండి, ఎక్కువైతే మళ్లీ వినరు.

నెలకోసారి

నాలుగు వారాలు నిండాక ఐదో వారం కొత్తగా ఏమీ రాయకుండా నాలుగు ఎడమ పేజీలూ వరసగా చదవండి. రెండోసారి కనిపించిన మాట కింద గీత పెట్టండి. 'తలనొప్పి' మూడు వారాల్లో ఉండొచ్చు. ఒకే మనిషి పేరు 'పిండేసింది' దగ్గర ప్రతి వారం ఉండొచ్చు. హాయిగా అనిపించిన వేళలన్నీ ఇంటి బయటవే అయ్యుండొచ్చు. ఇలా తేలినవాటిలో ఒక్కదాన్నే తీసుకుని వచ్చే నెలలో ఏం మార్చగలరో చూడండి: కళ్లజోడు పరీక్ష, ఆ మనిషిని కలిసే రోజులు తగ్గించడం, సాయంత్రం పావుగంట బయటికి వెళ్లడం. నెలకి ఒకటి చాలు. రెండోది వచ్చే నెలకి ఉంచండి, పేజీ ఎక్కడికీ పోదు.